ధర తెలియకముందే సంతకం: అమెరికా కాలేజీ అడ్మిషన్లలో మధ్యతరగతి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పేరున్న యూనివర్సిటీల సీట్ల గురించి మన పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా అది జాతి దగ్గరో, కాలేజీ ప్రవేశ పరీక్ష అయిన శాట్ మార్కుల దగ్గరో ఆగిపోతోంది. 2023 జూన్ 29న అక్కడి సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో తీర్పు ఇచ్చి, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. దాంతో మన పిల్లలకు అడ్డు తొలగిపోయిందని నమ్మిన తల్లిదండ్రులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. కానీ పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యాన్ని ఆ తీర్పు ఆపలేదు. ఆటగాళ్లకు కేటాయించే సీట్లను ఆపలేదు. సీటిస్తే చేరి తీరతామని ముందే సంతకం పెట్టే ఎర్లీ డెసిషన్ పద్ధతి జోలికి అసలే వెళ్లలేదు. మధ్యతరగతి కుటుంబం నష్టపోయేది ఈ మూడు చోట్లే, అందులోనూ మూడోదాని దగ్గర ఎక్కువ. ఆ సంగతి వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

ఇక్కడ మధ్యతరగతి అంటే ఏడాదికి లక్ష నుంచి రెండు, రెండున్నర లక్షల డాలర్ల ఆదాయం ఉన్న కుటుంబం అనుకుందాం. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, తీరని ఇంటి లోను, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు. తక్కువ ఆదాయ కుటుంబాలకిచ్చే ఫెడరల్ పెల్ గ్రాంట్ వీళ్లకు సాధారణంగా అందదు. పేరున్న చాలా ప్రైవేటు కాలేజీల్లో ఏడాది మొత్తం ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. అంత సొమ్ము జీతంలోంచి తీసి కట్టే స్తోమత వీళ్లకు లేదు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఎక్కువ భాగం ఈ పరిధిలోకే వస్తాయి.

2023 జులైలో ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ ఒక అధ్యయనం వెలువరించారు. హార్వర్డ్, యేల్ లాంటి పేరున్న పాత ప్రైవేటు యూనివర్సిటీల బృందమైన ఐవీ లీగ్‌లోని ఎనిమిదింటితో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో యూనివర్సిటీలను పరిశీలించారు. శాట్‌లోగానీ అలాంటిదే అయిన ఏసీటీ పరీక్షలోగానీ ఒకే స్కోరు తెచ్చుకున్న పిల్లల్ని పోల్చి చూస్తే, పై 1 శాతం ఆదాయవర్గం పిల్లలు ఈ పన్నెండింటిలో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకంటే రెట్టింపును మించి ఉందని తేలింది. ఈ తేడాలో ఎక్కువ భాగం అడ్మిషన్ ఆఫీసుల నిర్ణయాల వల్లే వస్తోంది. అందుకు వాళ్లు చూపిన కారణాలు మూడు: పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యం, ఆటగాళ్ల ఎంపిక, చదువుకు సంబంధించని అంశాలకు వేసే రేటింగులు. గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. కాలేజీ తర్వాత జీవితంలో రాణించడానికీ శాట్ స్కోరుకూ సంబంధం కనిపించింది, ఈ మూడింటికీ కనిపించలేదు. రాష్ట్రాల్లోని పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో డబ్బున్నవాళ్లకు ఇలాంటి మొగ్గు లేదని కూడా అదే అధ్యయనం చెప్పింది.

హార్వర్డ్ కేసు విచారణలో బయటపడ్డ లెక్కలు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆరేళ్ల దరఖాస్తుల్లో పూర్వ విద్యార్థుల పిల్లలకు సీటు వచ్చిన శాతం సుమారు 34, మిగతావాళ్లకు 6. కోచ్‌లు ఎంపిక చేసుకున్న ఆటగాళ్లకైతే 86. ఆ ఆటలు కూడా ప్రతి బడిలో ఉండేవి కావు. ఫెన్సింగ్, రోయింగ్, స్క్వాష్, లక్రాస్ లాంటి వాటిలో ఆ స్థాయికి చేరాలంటే క్లబ్ ఫీజులు, ప్రైవేటు కోచింగ్, ఊరూరా టోర్నమెంట్లు కావాలి. ఐవీ లీగ్ ఆటల పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వదు, నిజమే. కానీ సీటు ఇస్తుంది. ఇక లెగసీ, అంటే పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ఆ ప్రాధాన్యం విషయంలో మనవాళ్లకు ఒక అపోహ ఉంది. అక్కడ ఎం.ఎస్. చేసిన తండ్రి బిడ్డకు తన డిగ్రీ పనికొస్తుందనుకుంటాడు. హార్వర్డ్‌లో మాత్రం లెగసీ అంటే తల్లిగానీ తండ్రిగానీ అక్కడ అండర్‌గ్రాడ్యుయేట్ చదివి ఉండాలి. ఈ నియమం ఒక్కో కాలేజీలో ఒక్కో రకంగా ఉంటుంది.

ఇప్పుడు ఎర్లీ డెసిషన్. నవంబరు 1 దగ్గర్లో, ఈ పద్ధతిలో ఒకే ఒక్క కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. సీటిస్తే చేరతామని విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, బడిలోని కౌన్సెలర్ ముగ్గురూ సంతకాలు పెట్టాలి. డిసెంబరు నడుమ ఫలితం వస్తుంది. సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆర్థిక సాయం సరిపోకపోతే ఒప్పందం నుంచి బయటపడొచ్చని ప్రతి కాలేజీ చెబుతుంది, ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా ఆ 'సరిపోవడం' ఎవరి లెక్క ప్రకారం అన్నదాంట్లో ఉంది. మీరు ఏడాదికి 55 వేలు కట్టగలరని కాలేజీ సూత్రం తేలిస్తే, మిగతా 35 వేలు ఇచ్చి 'మీ అవసరం పూర్తిగా తీర్చాం' అంటుంది. మీ ఇంటి లెక్కలో 30 వేలకంటే పైసా ఎక్కువ కదలదు. అప్పుడు డిసెంబరు మూడోవారంలో కాదని చెప్పి, జనవరి 1కో 5కో గడువున్న మరో ఏడెనిమిది కాలేజీలకు వ్యాసాలు రాయాలి. అప్పటికి బడికి సెలవులు, కౌన్సెలర్ దొరకరు. ఈ పరిస్థితి ముందే ఊహించి, చాలా కుటుంబాలు ఎర్లీ డెసిషన్ జోలికే పోవు. కొన్ని పోయి, వచ్చిన సీటు వదులుకోలేక అప్పుల్లో దిగుతాయి.

ఎర్లీ డెసిషన్‌కు పోకపోతే నష్టపోయేదెంతో లెక్కేసి చూడాలి. దాదాపు ప్రతి కాలేజీ 'కామన్ డేటా సెట్' అనే పత్రాన్ని ఏటా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో సీ1 పట్టికలో మొత్తం దరఖాస్తులు, ఆఫర్లు, చేరినవాళ్ల సంఖ్య ఉంటాయి. సీ21లో ఎర్లీ డెసిషన్ దరఖాస్తులు, ఆఫర్లు ఉంటాయి. ఉదాహరణకు ఒక కాలేజీలో సీట్లు 1,600 అనుకోండి. ఎర్లీ డెసిషన్‌కు 6,000 మంది పెడితే 840 మందికి సీటిచ్చారు. అది 14 శాతం. రెగ్యులర్‌లో, అంటే కట్టుబాటు లేని మామూలు జనవరి దశలో 44,000 మంది పెడితే 1,760 మందికి ఆఫర్ ఇచ్చారు. అది 4 శాతం. సీట్లలో సగానికి పైగా డిసెంబరులోనే నిండిపోయాయన్నమాట.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ 14 శాతాన్ని చూసి మన పిల్లాడి అవకాశం మూడున్నర రెట్లు పెరుగుతుందని కన్సల్టెంట్లు చెప్పే మాట నమ్మకండి. కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లు, చాలామంది లెగసీ పిల్లలు ఈ ఎర్లీ గుంపులోనే ఉంటారు. పై ఉదాహరణలో అలాంటివాళ్లు 600 మంది దరఖాస్తు పెట్టి 250 మంది సీటు తెచ్చుకున్నారనుకుంటే, మిగిలినవాళ్లకు దక్కేది సుమారు 11 శాతం. అయినా 4కీ 11కీ తేడా చిన్నది కాదు. ధర చూసుకోకుండా సంతకం పెట్టగలిగే కుటుంబాలకు దక్కుతున్న తేడా అది. తాము దరఖాస్తుదారుల ఆదాయం చూడమని, నీడ్ బ్లైండ్ విధానం పాటిస్తామని చెప్పే కాలేజీలు కూడా ఎర్లీ డెసిషన్ నడుపుతున్నాయి. ఫారంలో ఆదాయం చూడకపోయినా, ఎవరు ధర అడక్కుండా వచ్చారో ఆ గుంపే చెబుతుంది. దీన్ని న్యాయం అనడానికి మనసొప్పదు.

వేరే దారి లేక కాలేజీలు ఇలా చేస్తున్నాయనీ అనలేం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ ఎర్లీ యాక్షన్ నడుపుతున్నాయి. అక్కడ ముందే ఫలితం తెలుస్తుంది, చేరి తీరాలన్న కట్టుబాటు ఉండదు. మే 1 వరకు అన్ని కాలేజీల సాయం పోల్చుకోవచ్చు. ఎర్లీ దశలో ఇంకెక్కడెక్కడ దరఖాస్తు పెట్టొచ్చన్న దానికి మాత్రం పరిమితులున్నాయి. ఎంఐటీ ఎర్లీ యాక్షన్‌కు ఆ పరిమితి కూడా లేదు, ఎంఐటీ లెగసీని కూడా లెక్కచేయదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థలో ఎర్లీ అన్నదే లేదు, అందరికీ ఒకే గడువు.

ధర ముందే తెలుసుకునే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2011 అక్టోబరు నుంచి ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలన్నది చట్టం. అందులో ఆదాయం, ఆస్తులు వేస్తే గ్రాంట్లు పోగా మీరు కట్టాల్సింది సుమారుగా చూపిస్తుంది. పదకొండో తరగతి ముగిసిన వేసవిలోనే, జాబితాలో ఉన్న ప్రతి కాలేజీకీ వేసి ఫలితాన్ని ప్రింట్ తీసి దాచాలి. రెండు నిమిషాల్లో నాలుగు ప్రశ్నలడిగి తేల్చేసే కాలిక్యులేటర్‌ను నమ్మొద్దు. ఇంటి విలువ, పొదుపు, పిల్లల సంఖ్య వివరంగా అడిగేదే నిజానికి దగ్గరగా ఉంటుంది. సొంత వ్యాపారం, అద్దెకిచ్చిన ఇల్లు, విడిపోయిన తల్లిదండ్రులు, ఈ మూడింటిలో ఏదున్నా కాలిక్యులేటర్ తప్పడానికే ఎక్కువ అవకాశం. అలాంటప్పుడు ఎర్లీ డెసిషన్‌కు ముందే సాయం ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, ముందస్తు అంచనా రాతపూర్వకంగా అడగాలి. కొన్ని కాలేజీలు ఇస్తాయి.

లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఆర్థిక సాయం కోసం నింపే రెండు ఫారాల తేడా తెలియాలి. ఫాఫ్సా ప్రభుత్వానిది. అందులో మీరుండే ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతాలు లెక్కలోకి రావు. తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతం, విద్యార్థి పేరు మీదున్న సొమ్ములో 20 శాతం కాలేజీకి అందుబాటులో ఉన్నట్టు లెక్కిస్తారు. అందుకే పిల్లల పేరున బ్యాంకులో పొదుపు చేసే మన అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. సీఎస్ఎస్ ప్రొఫైల్ ప్రైవేటు కాలేజీలు ఎక్కువగా వాడేది. అందులో చాలా కాలేజీలు ఇంటి విలువలోంచి లోను తీసేసి మిగిలినదాన్ని కూడా ఆస్తి కింద చూస్తాయి. ఇల్లు కొని పదిహేనేళ్లయి, మిగులు విలువ 4 లక్షల డాలర్లు అనుకుంటే, 5 శాతం చొప్పున ఏడాదికి 20 వేల డాలర్లు మీరు కట్టగలిగినట్టే. ఆ డబ్బు గోడల్లో ఉంది, చేతిలో లేదు. కొన్ని కాలేజీలు ఇంటి విలువను ఆదాయానికి ఇన్ని రెట్లని పరిమితం చేస్తాయి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ అసలు లెక్కించవు. ప్రతి కాలేజీనీ ఈ ఒక్క ప్రశ్న విడిగా అడగాలి.

హైదరాబాద్ శివార్లలో కొన్న ప్లాటు, ఊళ్లో పేరు మీదున్న పొలం, ఎన్ఆర్ఈ డిపాజిట్లు కూడా ఆస్తులే. ఏ దేశంలో ఉన్నా చూపించాల్సిందే. 'ఇండియాలో ఉన్నది ఎవరు చూస్తారు' అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఫెడరల్ ఫారంలో తెలిసీ తప్పు రాయడం నేరం. కట్టుకున్న ఇమిగ్రేషన్ భవిష్యత్తు మొత్తాన్ని అందుకోసం పణంగా పెట్టకండి.

2024–25 నుంచి ఫాఫ్సాలో మరో దెబ్బ తగిలింది. అంతకుముందు ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వాటాను ఇద్దరికీ పంచేవారు. కొత్త సూత్రం ఆ పంపకాన్ని తీసేసింది. ఒకడికి ఎంతో, ఇద్దరికీ విడివిడిగా అంతే. సీఎస్ఎస్ వాడే కాలేజీలు చాలావరకు తమ సొంత గ్రాంట్ల కోసం దీన్ని ఇంకా పరిగణిస్తున్నాయి. రెండేళ్ల తేడాతో పిల్లలున్న ఇంట్లో ఇదొక్కటే జాబితాను తలకిందులు చేస్తుంది.

మన పత్రికల్లో సాధారణంగా కనిపించని సంగతి ఇంకోటి. అన్నిటికంటే పేరున్న కాలేజీ చాలాసార్లు అన్నిటికంటే చవక. 2025–26 నుంచి హార్వర్డ్ 2 లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్న, మామూలు స్థాయి ఆస్తులున్న కుటుంబాలకు ట్యూషన్ ఉచితం చేసింది. లక్ష లోపైతే వసతి, భోజనం సహా ఏమీ తీసుకోదు. ఎంఐటీ కూడా అలాంటి హద్దులే పెట్టింది. మధ్యతరగతి నలిగేది వాటి కింది వరస కాలేజీల్లో. అక్కడ ఖర్చు అంతే, నిధులు మాత్రం అంత లేవు, ఎర్లీ డెసిషన్ పట్టు ఎక్కువ.

సాయం ఉత్తరం చేతికొచ్చాక జరిగే పొరపాటు వేరు. 2022లో అమెరికా పార్లమెంటుకు చెందిన ఆడిట్ సంస్థ జీఏఓ పరిశీలిస్తే, సుమారు 91 శాతం కాలేజీలు నికర ఖర్చును చెప్పకుండానో తక్కువచేసి చూపిస్తూనో ఉత్తరాలు పంపుతున్నాయని తేలింది. అప్పునూ గ్రాంటునూ ఒకే వరసలో కలిపి 'మీకు ఇంత సాయం' అంటారు. ఆ ఉత్తరం మీద పెన్నుతో లోన్లు, వర్క్ స్టడీ (చదువుతూ పనిచేసి సంపాదించుకోవాల్సిన సొమ్ము) కొట్టేయండి. మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు మాత్రమే తీసేయండి. పుస్తకాలు, ప్రయాణం, హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చులో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే కలపండి. వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చించి, ఏటా పెరిగే ఫీజు కూడా వేసుకోండి.

అప్పుకూ ఇప్పుడు హద్దు పడింది. విద్యార్థి పేరున ఫెడరల్ లోను మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏడాదికి 7,500 డాలర్లు, మొత్తం మీద 31,000. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోను ఇంతకుముందు మిగిలిన ఖర్చు మొత్తానికి దొరికేది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్లే. ఆపైన ప్రైవేటు బ్యాంకే దిక్కు. నవంబరులో సంతకం పెట్టే ముందు ఈ అంకెలు కాగితం మీద వేసుకోవాలి.

ఫాఫ్సా రెండేళ్ల కిందటి పన్ను లెక్కలు చూస్తుంది. 2026–27కు 2024 ఆదాయం చూస్తారు. మధ్యలో ఉద్యోగం పోతే అది ఎవరికీ తెలియదు, మీరు చెప్పాలి. ఉద్యోగం తీసేసిన ఉత్తరం, ఆఖరి జీతం పత్రం, ఈ ఏడాది వస్తుందనుకునే ఆదాయం అంచనా జతచేసి ఒక పేజీ అప్పీలు పంపితే, మళ్లీ లెక్కకట్టే అధికారం సాయం ఆఫీసుకు ఉంది. అప్పీలులో అంకెలుండాలి. బిడ్డ ప్రతిభ గురించి రాసే నాలుగు పేరాలు అక్కడ పనిచేయవు.

పరీక్షల గురించి కొద్దిగా. స్కోరు ఇవ్వడం ఐచ్ఛికం చేస్తే సామాన్యులకు మేలన్న వాదన నిలబడలేదు. ఎంఐటీ 2022లోనే శాట్, ఏసీటీ మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ అదే బాట పట్టాయి. వెనుకబడిన నేపథ్యం పిల్లలు తమకు మేలు చేసే స్కోర్లను కూడా పంపకుండా దాచేసుకున్నారని డార్ట్‌మత్ తన పరిశీలనలో గుర్తించింది. శాట్‌కు ఉచితంగా సాధన చేసుకునే వీలుంది. ఫెన్సింగ్‌కు లేదు.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో నియమాలు బయటికి కనిపిస్తాయి, కానీ అక్కడా చదివి అర్థం చేసుకోవాల్సినవి ఉన్నాయి. టెక్సస్‌లో 1997 నుంచి ఉన్న చట్టం ప్రకారం బడిలో పై 10 శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్ క్యాంపస్‌కు మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ 2026లో చేరేవాళ్ల నుంచి హద్దు 6 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది యూనివర్సిటీలో సీటుకే హామీ, కంప్యూటర్ సైన్స్‌కు కాదు. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ అని అప్పుచేసి ఇల్లు కొన్న కుటుంబాల పిల్లలు అక్కడి పోటీలో ఆ 5 శాతానికి అందకుండా పోతున్నారు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, డేవిస్, అర్వైన్ సహా కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీ) ఆరు క్యాంపస్‌లలో ఒకదానికి హామీతో మారే ఒప్పందం ఉంది. కోర్సును బట్టి మినహాయింపులుంటాయి. దాని గడువు సెప్టెంబరు 30. ఆ డిగ్రీ మీద మొదటి రెండేళ్లు ఎక్కడ చదివారని రాసి ఉండదు. మనవాళ్లు దీన్ని చిన్నతనంగా చూడటం మానాలి.

హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీదున్న పిల్లల పరిస్థితి వేరుగా చెప్పుకోవాలి. ఐదో ఏట వెళ్లి అక్కడే పెరిగినా, గ్రీన్‌కార్డు రానంతకాలం ఫెడరల్ సాయం లేదు. చాలా కాలేజీలు వాళ్లను విదేశీ విద్యార్థుల జాబితాలోనే పెడతాయి. విదేశీయుల విషయంలోనూ ఆదాయం చూడకుండా సీటిచ్చేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, అమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బౌడన్, బ్రౌన్ లాంటి కొన్నే. మిగతాచోట సాయం అడగడమే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఇరవై ఒకటి నిండితే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి, అప్పుడు కొన్నిచోట్ల రాష్ట్రవాసుల ఫీజు కూడా పోవచ్చు. మా బిడ్డను ఏ జాబితాలో చూస్తారు, సాయం అడిగితే ఫలితం మారుతుందా అని దరఖాస్తుకు ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత నిలవదు.

మార్పు రాదనేమీ లేదు. కొలరాడో 2021లో, వర్జీనియా, ఇల్లినాయ్ 2024లో ప్రభుత్వ కాలేజీల్లో లెగసీ ప్రాధాన్యాన్ని నిషేధించాయి. మేరీల్యాండ్, కాలిఫోర్నియా ప్రైవేటు కాలేజీలకూ వర్తింపజేశాయి. దాంతో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రాష్ట్ర విద్యార్థి సాయం నిధుల్నే వదులుకుని లెగసీని కొనసాగించడానికి సిద్ధపడింది. లెగసీ మీద చట్టాలు తెచ్చిన శాసనసభలు ఎర్లీ డెసిషన్ మీద కూడా తేవచ్చు. సాయం ఎంతో రాతపూర్వకంగా చెప్పకుండా కట్టుబాటు సంతకం తీసుకోకూడదని ఒక్క నియమం పెడితే చాలా కుటుంబాలకు ఊరట. అక్కడ ఓటున్న తెలుగువాళ్లు తమ రాష్ట్ర ప్రతినిధులను అడగాల్సింది ఇదే.

సంపాదకులకు ఒక మనవి. ఐవీ లీగ్‌లో సీటొచ్చిన మన పిల్లల ఫొటోలు ఏటా ఏప్రిల్‌లో వేస్తున్నారు, సంతోషం. ఆ కుటుంబం ఏ దశలో దరఖాస్తు పెట్టింది, ఎంత గ్రాంటు వచ్చింది, ఎంత కడుతోంది అని కూడా వాళ్ల అనుమతితో రాయండి. ఫాఫ్సా తెరుచుకునేది అక్టోబరు 1న, ఎర్లీ గడువు నవంబరు 1న. కాబట్టి ఈ వివరాలతో ఒక పేజీ సెప్టెంబరులో వేస్తే తల్లిదండ్రులకు లెక్కలు చూసుకునే సమయం ఉంటుంది.

భవదీయులు,
ఒక పాఠకుడు